ఇల్లా, ఇస్లామిక్ స్కూలా? ముందు ఇంటి లోటు రాసుకోండి

మా ఆడపడుచు కొడుక్కి బిస్మిల్లా చదివించిన రోజు. నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండిన పిల్లాడికి తెల్ల జుబ్బా తొడిగి, టోపీ పెట్టి, హజ్రత్ గారి పక్కన కూర్చోబెట్టారు. ‘ఇఖ్రా’ అనమని ఆయన అడిగితే వాడు ఎదురుగా ఉన్న లడ్డూల పళ్లెం వంక చూసి, “ఒకటిస్తే అంటా” అన్నాడు. ఇల్లంతా నవ్వింది.

ఆ నవ్వులు భోజనాల దాకానే. చేతులు కడుక్కునేసరికి పంచాయితీ మొదలైంది. “ఇస్లామిక్ స్కూల్లో వేయండి. దీనూ, దునియా రెండూ ఒక్క ఫీజులో వస్తాయి,” అన్నారు వాడి తాతగారు. “ఆ స్కూల్లో లెక్కల మాస్టారు ఏడాదికొకరు మారతారు మామయ్యా,” అన్నాడు మేనమామ. పిల్లాడి తల్లి మాత్రం వంటింట్లోకి నా వెనకే వచ్చి, గిన్నెలు సర్దుతూ మెల్లిగా అడిగింది: “వదినా, నేనే ఇంట్లో పెట్టుకుని చెప్పుకుంటే? హోమ్ స్కూలింగ్ అని యూట్యూబ్ నిండా చెబుతున్నారు కదా.”

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చదువు చెబుతున్నదాన్ని కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకు కొత్త కాదు. తనను ఒక్కటే అడిగాను. “నిన్న సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా వీడు ఏం చేశాడు?”

తను చాలాసేపు ఆలోచించింది. “ఫోన్ చూశాడు వదినా.”

ఈ అధ్యాయమంతా ఆ జవాబు చుట్టూనే తిరుగుతుంది.

భయంతో బడి ఎంచకండి

బడి గురించి నా దగ్గరకొచ్చే తల్లిదండ్రులు ఎక్కువమంది భయాన్ని వెంటబెట్టుకుని వస్తారు. మామూలు స్కూల్లో వేస్తే నమాజు మర్చిపోతాడేమో. అమ్మాయి స్కార్ఫ్ కట్టుకుంటే ఎవరైనా ఏమైనా అంటారేమో. శుక్రవారం జుమాకి వదలరేమో. ఇస్లామిక్ స్కూల్లో వేస్తే రేపు ఇంటర్లో వెనకబడతాడేమో. ఇంట్లో పెట్టుకుంటే సర్టిఫికెట్టే ఉండదేమో.

ఇవన్నీ నిజమైన భయాలే. కాకపోతే భయం ఏది వద్దో చెప్పి ఊరుకుంటుంది, ఏది కావాలో చెప్పదు. అందుకే ఒక చోట భయపడి ఇంకో చోట చేరినవాళ్లు రెండేళ్లకు మళ్లీ వెనక్కి వస్తుంటారు. ఈలోగా పిల్ల మూడు యూనిఫాంలు మారుస్తుంది.

నేను చెప్పే పద్ధతి వేరు. మీ ఇల్లు పిల్లాడికి ఏం ఇవ్వగలదో, ఏం ఇవ్వలేదో ముందు రాయండి. ఇల్లు ఇవ్వలేనిదాన్ని బడిలో వెతకండి. ఇంట్లో దీన్ పుష్కలంగా ఉండి లెక్కలు చెప్పే మనిషి లేకపోతే, మీకు కావాల్సింది మంచి లెక్కల మాస్టారున్న బడి, దాని బోర్డు మీద ఏ పేరున్నా సరే. తల్లిదండ్రులిద్దరూ చదువుకున్నవాళ్లే అయినా ఖురాన్ సరిగ్గా చదవడం రాకపోతే, వెతకాల్సింది మంచి ఖారీని. రెండూ లేకపోతే ఆ సంగతి కూడా నిజాయితీగా కాగితం మీద పెట్టండి.

వారం రోజుల రిజిస్టరు

ఒక రూళ్ల నోట్‌బుక్ తీసుకుని నాలుగు గళ్లు గీయండి: వేళ, మనిషి, పని, ఓపిక. ఏడు రోజులపాటు పిల్లాడు మెలకువగా ఉన్న ప్రతి గంటా ఎవరితో, దేనితో గడిచిందో రాయండి. నాలుగో గడిలో ఆ మనిషికి అప్పుడు ఎంత ఓపిక ఉందో ఒక్క మాటలో వేయండి. గొప్పలు పోవద్దు. ఈ పుస్తకం చుట్టాలకు చూపించడానికి కాదు.

ఇది నేను నేర్చుకున్నది నష్టపోయాకే. మా అమ్మాయి మూడో తరగతికొచ్చిన ఏడాది స్కూలు మాన్పించి ఇంట్లోనే చెప్పాను. జూన్‌లో టైంటేబుల్ రంగు పెన్నులతో గీసి గోడకు అంటించాను. ఆగస్టుకల్లా దాని మీద గ్యాస్ బుకింగ్ నంబరు రాసి ఉంది. టీచరు స్కూల్లో ఉంటే ఎవరూ పిలవరు, ఇంట్లో ఉంటే మాత్రం, “ఇంట్లోనే ఉంటావుగా, కాస్త ఆస్పత్రికి తోడు రా,” అంటారు. నవంబరులో చూస్తే లెక్కల పుస్తకం సగం కూడా కాలేదు.

లాభం లేకపోలేదు. ఆ ఏడాదే మా అమ్మాయి నాజిరా, అంటే ఖురాన్ చూసి చదవడం, పూర్తి చేసింది. జొహర్ నమాజు నా పక్కన నిలబడి వేళకు చదివేది. మధ్యాహ్నాలు మంచం కింద దూరి తెలుగు కథల పుస్తకాలన్నీ చదివేసింది. ఇప్పటికీ దాని తెలుగు నా తెలుగు కంటే బాగుంటుంది.

ఒక రోజు గదిలోకి వెళ్తే, ఇంట్లోని దిండ్లన్నీ గోడ వారగా వరుసగా నిలబెట్టి, ఒక్కో దిండుకీ నంబరు పిలుస్తూ హాజరు వేస్తోంది. నన్ను చూసి ఆగి, “అమ్మీ, నా రోల్ నంబర్ ఎంత?” అంది. మరుసటి జూన్‌లో స్కూల్లో చేర్పించాను.

ఆ ఏడాది వృథా అయిందని నేను అనను. రిజిస్టరు ముందే రాసి ఉంటే మాత్రం ‘మనిషి’ గడిలో నేనొక్కదాన్నే ఉన్నానని, ‘ఓపిక’ గడిలో సాయంత్రం నాలుగు తర్వాత సున్నా అని, తోటి పిల్లలకు గడే లేదని ముందే తెలిసేది. హోమ్ స్కూలింగ్‌కి కనీసం ఇద్దరు పెద్దవాళ్ల సమయం, వారంలో నాలుగైదు సార్లు ఇతర పిల్లలతో ఆట, తలుపు మూసుకుని కూర్చోగలిగే రెండు గంటలు కావాలి. ఇవి మీ రిజిస్టరులో కనిపించకపోతే ఉత్సాహం ఆగస్టు దాటదు.

ఇస్లామిక్ స్కూలంటే ఏది?

ఈ మాట కింద మన ఊళ్లలో నాలుగు రకాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది స్టేట్ సిలబస్ గానీ సీబీఎస్ఈ గానీ చెబుతూ అరబీ, దీనియాత్ పీరియడ్లు కలిపే ప్రైవేటు స్కూలు. రెండోది హిఫ్జ్‌తో, అంటే ఖురాన్ కంఠస్థం చేయించడంతో, పాటు స్కూలు చదువూ నడిపే చోటు. మూడోది ఆలిం కోర్సు చెప్పే పూర్తికాలపు మదరసా. నాలుగోది ప్రభుత్వ మైనారిటీ గురుకులం. తెలంగాణలో ఇవి 2016లో 71 బడులతో మొదలై ఇప్పుడు 200 దాటాయి. ఇంగ్లిష్ మీడియం, ఉచిత వసతి, భోజనం. ఎక్కువ సీట్లు మైనారిటీ పిల్లలకే అయినా ఇవి సర్కారీ బడులు, మతపాఠశాలలు కావు. నాలుగింటికీ నాలుగు రకాల లెక్క ఉంది. ‘ఇస్లామిక్ స్కూలు మంచిదా, కాదా’ అని అడిగేముందు మీరు ఏ రకం గురించి అడుగుతున్నారో తేల్చుకోండి.

చూడడానికి వెళ్లినప్పుడు రిసెప్షన్‌లోని కాబా బొమ్మ, వార్షికోత్సవం ఫోటోలు చూసి తిరిగి రాకండి. ఇవి అడగండి:

స్కూలు యూడైస్ నంబరెంత, గుర్తింపు ఏ తరగతి వరకు? మా అబ్బాయి విషయంలో నేనిది అడగలేదు. పదో తరగతి హాల్ టికెట్ వచ్చాక చూస్తే, దాని మీద మేమెప్పుడూ గడప తొక్కని ఇంకో స్కూలు పేరుంది. మేం ఫీజు కట్టిన బడికి గుర్తింపు ఏడో తరగతి వరకేనట! పైగా టీసీలో ‘ఎస్.కె.’, ఆధార్‌లో ‘షేక్’. ఆ రెండక్షరాల కోసం మా ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగిన రోజులు వేళ్ల మీద లెక్కపెడితే వేళ్లు చాలలేదు. మీ పిల్లల పేరు జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు రికార్డు మూడింట్లో ఒకేలా ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.

లెక్కలు, సైన్సు చెప్పేవాళ్లు ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారు? మూడేళ్లు దాటినవాళ్లు ఒక్కరైనా ఉంటే మంచిది.

సబఖ్ మర్చిపోయిన పిల్లాడిని ఏం చేస్తారు? హిఫ్జ్ గది గుమ్మం దగ్గర పావుగంట నిలబడండి. కొత్త పాఠం సబఖ్, ఇటీవలి పాఠాలు సబ్ఖీ, పాతవన్నీ మంజిల్. ముప్ఫై మంది ముప్ఫై చోట్ల నుంచి ఒకేసారి చదువుతుంటారు. ఆ హోరులో హాఫిజ్ సాబ్ ఒక పిల్లాడి తప్పు చెవితో పట్టి, వేలెత్తి ఆపి, సరిదిద్దితే ఆయన గొప్ప ఉస్తాద్. పక్కన బెత్తం ఆనించి ఉంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. కానీ 2012 సవరణ మదరసాలను ఆ చట్టం పరిధి నుంచి తప్పించింది, మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు ప్రమతి కేసులో తీర్పిచ్చింది. అంటే మీరు వెతుకుతున్న బడుల దగ్గరే ఆ చట్టం ఆగిపోవచ్చు. అందుకే అడగాల్సిన బాధ్యత మీ మీద ఇంకా ఎక్కువ.

హిఫ్జ్ నడిచే రెండు మూడేళ్లూ లెక్కలు ఏమవుతాయి? మా వీధిలో ఒక అబ్బాయి పన్నెండేళ్లకు ముప్ఫై పారాలూ కంఠస్థం చేశాడు. దస్తార్‌బందీకి వీధంతా వెళ్లాం. జూన్‌లో వాడు తనకంటే రెండేళ్లు చిన్న పిల్లలతో ఆరో తరగతి వెనక బెంచీలో కూర్చున్నాడు. మోకాళ్లు బెంచీకి తగిలేవి, భిన్నాలు అర్థమయ్యేవి కావు. హిఫ్జ్ చేయించాలనుకుంటే రోజుకొక గంట లెక్కలు, ఒక గంట భాష ఆగకుండా నడిచే చోటే చేయించండి. ఆ రెండు గంటలకు ‘తర్వాత చూద్దాం’ అనే బడి వద్దు.

ఏ భాషలో వివరిస్తారు?

బ్రోచర్లలో కనపడని విషయం ఇది. గుంటూరు, ప్రకాశం, పల్నాడు వైపు ఎన్నో ముస్లిం ఇళ్లలో మాట్లాడేది తెలుగే. మా ఇల్లూ అంతే. బడిలో ఇంగ్లిష్, మసీదులో హజ్రత్ గారి ఉర్దూ, కితాబులో అరబీ. ఒక రోజు మా ఆడపడుచు పెద్ద కూతురు ‘ఈమాన్ కిసే కహతే హైఁ’ అన్న ప్రశ్నకు గడగడా ఉర్దూలో జవాబు అప్పగించింది. “అంటే ఏంటే?” అని తెలుగులో అడిగాను. “అది హజ్రత్ అడగరు అత్తా,” అంది.

పరీక్ష పాసైంది, విషయం మాత్రం అందలేదు. ఇల్లైనా, స్కూలైనా, మదరసా అయినా పిల్ల కలలు కనే భాషలో ఎవరో ఒకరు అర్థం చెప్పాలి. చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చి ఎన్నో దశాబ్దాలైంది. ఆ తర్వాత మరికొన్ని అనువాదాలు వచ్చాయి. మంచి తెలుగు అనువాదం ఒకటి ఇంట్లో ఉంచి, రోజుకు పది వాక్యాలు మీరు చదివి పిల్లలకు వినిపించండి. ఈ పని ఏ స్కూలూ మీ తరఫున చేయదు, దీనికి ఫీజూ లేదు.

ఇంట్లోనే చెబుతామంటే కాగితాల సంగతి

విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల కర్తవ్యం అంటుంది. చేర్పించకపోతే వాళ్లకు ఇంత శిక్ష అని మాత్రం రాయలేదు. హోమ్ స్కూలింగ్ పేరెత్తి అనుమతించనూ లేదు, నిషేధించనూ లేదు. ఆ సందులోనే మన దేశంలో ఇంటి చదువులు నడుస్తున్నాయి. కాబట్టి కాగితం బలం మీరే కూడగట్టుకోవాలి.

దారి ఓపెన్ స్కూలు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఎన్ఐఓఎస్ 1989 నుంచి ఉంది. తెలుగు రాష్ట్రాల్లో సొంత ఓపెన్ స్కూలు సొసైటీలూ ఉన్నాయి. ఎన్ఐఓఎస్‌లో చిన్న తరగతులకు ఎ, బి, సి అని మూడు మెట్లు ఉంటాయి, ఇవి 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే, అక్టోబరు-నవంబరుల్లో జరుగుతాయి. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయనక్కర్లేదు, విడతలుగా రాసుకోవచ్చు. హిఫ్జ్ పూర్తి చేసిన పిల్లలకు ఇది పెద్ద వెసులుబాటు.

చాలామంది మర్చిపోయేది ‘లోకల్’ హోదా. రేపు ఇంజనీరింగ్ సీటు దగ్గర వరసగా చదివిన నాలుగేళ్ల స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడిలో చదవనివాళ్లు ఆ నాలుగేళ్లూ ఆ ప్రాంతంలోనే నివసించినట్టు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం చూపాలి. పిల్ల ఎనిమిదికి రాకముందే ఆ ఏటి అడ్మిషన్ల నిబంధనలు ఒకసారి చదివి పెట్టుకోండి.

ఇంకో ధైర్యం కూడా ఉంది. బడికి వెళ్లని పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. ప్రభుత్వ బడి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

విదేశాల్లో ఉన్నవాళ్లకు లెక్క మారుతుంది. టెక్సాస్‌లో ఇంటి చదువును ప్రైవేటు స్కూలు కింద లెక్కిస్తారు. ఇంగ్లండ్ చట్టం కూడా దానికి చోటిచ్చింది. జర్మనీలో బడికి పంపకపోవడం చట్టవిరుద్ధం. డాలస్‌లోని మీ తోడికోడలు వీడియోకాల్‌లో చెప్పింది ఒంగోలులో పనిచేయకపోవచ్చు.

ఆడపిల్ల విషయం తేటగా

ఈ పేరా కొందరికి నచ్చదు. ఏడో తరగతి అయ్యాక అమ్మాయిని బడి మాన్పించి, ‘ఇంట్లోనే చదివిస్తున్నాం’ అని చెప్పే ఇళ్లకు నేను వెళ్లాను. అమ్మాయి చేతిలో చీపురుంది, పుస్తకం లేదు. టైంటేబుల్ ఎక్కడ, ఓపెన్ స్కూల్లో నమోదు రసీదు ఎక్కడ అని అడిగితే తల్లి కళ్లు దించుకుంది. అది చదువు ఆపడం, దానికి ఇంగ్లిష్ పేరు పెట్టకండి. మీ అబ్బాయికి ఇదే పని చేస్తారా? ఆ ప్రశ్నకు తడబడితే అమ్మాయిని వెంటనే బడికి పంపండి. దగ్గర్లో బాలికల హైస్కూలు గానీ గురుకులం గానీ ఉందేమో కనుక్కోండి.

మన తాతల దారి

ముస్లింల స్థితిగతుల మీద 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికలో ఒక లెక్క చాలామందిని ఆశ్చర్యపరిచింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాల్లో చదివేది 3 శాతం మాత్రమే. పగలు మామూలు బడికి వెళ్లి, తీరిక వేళ మసీదు మక్తబ్‌లో ఖాయిదా చదువుకునేవాళ్లను కూడా జనం మదరసా పిల్లలుగా లెక్కేస్తున్నారని నివేదిక విడమరిచి చెప్పింది.

మనలో ఎక్కువమంది పెరిగింది అలాగే. నేనూ అంతే. ఫజర్ తర్వాత రెహల్ చంకన పెట్టుకుని మసీదుకి, తొమ్మిదింటికి జిల్లా పరిషత్ హైస్కూలుకి. ఈ దారికి పేరు లేదు, బ్రోచరు లేదు. అందుకేనేమో రెండు దారుల గురించి వాదించుకునేవాళ్లకు ఇది గుర్తు రాదు. దీనికీ ఒక షరతుంది. మక్తబ్‌కి పిల్లాడిని రోజూ వేళకు పంపాలి, అక్కడ ఏం జరిగిందో రాత్రి అడగాలి. అడగని ఇంట్లో ఇదీ నిలవదు.

ఇక తేల్చుకోండి

వారం అయ్యాక రిజిస్టరు ముందేసుకుని భార్యాభర్తలు కూర్చోండి. వీలైతే పెద్దవాళ్లనూ కూర్చోబెట్టుకోండి.

ఇద్దరు పెద్దల సమయం, ఓపిక, తోటి పిల్లలు, పరీక్షల మీద అవగాహన నాలుగూ కనిపిస్తే హోమ్ స్కూలింగ్ ఒక ఏడాదికి మొదలుపెట్టండి. ఏడాది చివర పిల్ల పై తరగతి పాఠం చదివి అర్థం చేసుకోగలుగుతోందా అని బయటి టీచరుతో పరీక్షించండి.

ఇంట్లో దీన్ చెప్పే మనిషి లేక, గుర్తింపూ నిలకడైన టీచర్లూ ఉన్న ఇస్లామిక్ స్కూలు అందుబాటులో ఉంటే అదే మేలు. అయితే స్కూలు నమాజు నేర్పి, ఇంట్లో ఎవరూ చదవకపోతే పిల్లాడు దాన్ని యూనిఫాంలో భాగం అనుకుంటాడు. సెలవుల్లో యూనిఫాంతో పాటు అదీ బీరువాలోకి వెళ్తుంది.

ఈ రెండూ కుదరకపోతే దగ్గర్లోని మంచి బడి, మసీదు మక్తబ్, ఇంట్లో ఒక గంట. ఏది ఎంచుకున్నా కాగితం మీద తేదీ వేసి, ‘వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ చూడాలి’ అని రాయండి. పిల్లలు మారతారు, ఇంటి పరిస్థితులు మారతాయి, లెక్కల మాస్టారూ మారతాడు.

మా ఆడపడుచు కూడా రిజిస్టరు రాసింది. ఆరు నుంచి తొమ్మిది గడిలో ఏడు రోజులూ ‘ఫోన్’ అనే ఉంది. అదే వరసలో ఖాళీగా కనిపించిన మనిషి, దుకాణం నుంచి ఆరింటికే వచ్చి కుర్చీలో కూర్చునే తాతగారు. ఇస్లామిక్ స్కూలు కావాలని గట్టిగా పట్టుబట్టింది ఆయనే. పిల్లాడిని మూడు వీధుల అవతలి మామూలు స్కూల్లో ఎల్‌కేజీలో వేశారు. సాయంత్రం ఆరింటికి ఫోను బీరువాలోకి వెళ్తోంది.

మొన్న వెళ్లినప్పుడు ఆ నోట్‌బుక్ తెరిచి చూశాను. కొత్త పేజీలో మా ఆడపడుచు చేతిరాత:

‘వేళ: మగ్రిబ్ తర్వాత ఇరవై నిమిషాలు. మనిషి: తాత. పని: నూరానీ ఖాయిదా, ‘జీమ్’ దాకా. ఓపిక: ఇద్దరికీ తక్కువే. లడ్డూలు: రెండు.’